ఏడు వాలు ఎఫ్‌లు

జూన్ 3, మంగళవారం

ఈ డైరీ మా కోడలు ఇచ్చింది. ఏదో మందుల కంపెనీ వాళ్ళు పంచిపెట్టింది, అదీ నిరుటిది. తేదీ చూస్తే వారం కుదరదు, వారం చూస్తే తేదీ కుదరదు. కొట్టేసి రాసుకుంటున్నా.

"రోజూ ఎన్ని చీటీలు అయ్యాయో ఇందులో రాయండి మామయ్యా, మీకు మతిమరుపు" అంది.

చీటీలకు గోడ మీద సుద్దగీతలు చాలు. ఇందులో ఆవిడ మీద చాడీలు రాసుకుంటా. ఐదో తరగతితో బడి మానేసినవాడి చేతిరాత ఎవరు చదువుతారు గనక.

చీటీల సంగతేమిటంటే, ఇవాళ మొక్కల మేడమ్ వచ్చింది. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అంటించి, కాలేజీ బీరువాల్లో దాచి, వాటికి కాపలా కూర్చునే ఉద్యోగం ఆవిడది. పైకప్పు కారి ఒక బీరువా తడిసిందట. "మొక్కలు బాగానే ఉన్నాయి, అదృష్టం" అంది. "ఎప్పుడో చచ్చినవే కదా మేడమ్, ఇంక బాగుండటమేంటి" అన్నాను. నవ్వలేదు. అట్టల అడుగున అంటించిన పేర్ల చీటీలు మాత్రం అరవై నాలుగు పాడైపోయాయి.

ఒకటి తీసి చూపించింది. సగం బూజు, సగం పేరు. చూడగానే పోల్చుకున్నాను. నలభై ఏళ్ళ కిందట సీసపు అక్షరాలు పేర్చి నేను కూర్చిందే. ఇంగ్లీషు పెద్ద ఎం కాలి మీద సన్నటి గాటు ఉంది. ఆ అక్షరాన్ని నేను కింద పడేసినప్పుడు పడ్డ గాటు అది.

"అచ్చం ఇలాగే కావాలి. మిగతా చీటీలన్నీ ఈ అక్షరంలోనే ఉన్నాయి. జూలై ఒకటిన విద్యార్థులకు గది తెరుస్తున్నాం" అంది మేడమ్.

మా షాపులో ముందు గది కోడలిది. కంప్యూటర్, జిరాక్సు, ఏసీ అన్నీ అక్కడే. "అదెంత పని మేడమ్" అని అక్కడికక్కడే ఒక పేరు కొట్టి, ఏదో ఇటాలిక్ మీటట, అది నొక్కి, కాగితం తీసి ఇచ్చింది.

నేను చూశాను. "అమ్మాయ్, ఇది వాలిన అక్షరం కాదు. నిలబడ్డదాన్ని నువ్వు తోశావు."

"వాలిందా లేదా?"

"తాగినవాడు గోడకి ఆనుకున్నా వాలినట్టే ఉంటుంది."

మేడమ్ భూతద్దం పెట్టి రెండూ పక్కపక్కన చూసింది. కోడలిది పక్కన పెట్టేసింది. కోడలు మొండిది, వెతికి ఇంకో రకం తీసింది. ఈసారిది తోసింది కాదు, నిజంగా వాలుగా గీసిందే, బాగుంది కూడా. కానీ వేలితో తడిమితే కాగితం నున్నగా ఉంది. పాత చీటీ మీద అక్షరం దిగబడి ఉంటుంది. ఆ గుంట ముందు వేలికి తెలుస్తుంది, తర్వాత కంటికి.

"పెద్దాయనా, మీరే చేయాలి" అంది మేడమ్.

"చేయగలరా మామయ్యా? నిజం చెప్పండి" అంది కోడలు.

"నువ్వు ఎక్కాలు నేర్చుకోకముందు నుంచీ చేస్తున్నా" అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదని ఆవిడ గమనించలేదు.

వెనక గది నాది. కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మెషిను ఒకటి, కేసులనే గళ్ళ పెట్టెలు నాలుగింటి నిండా అక్షరాలు, నేను. ఆ గది మీద కోడలి కన్నుంది. పెద్ద ఫొటోలు వేసే మెషిను కొని అక్కడ పెట్టాలని టేపుతో రెండుసార్లు కొలిచింది. నేను పని చేస్తున్నంతకాలం అడగదు. మంచి పిల్ల. అందుకే నేను పని చేస్తూ ఉండాలి.

జూన్ 4

రెండేళ్ళ తర్వాత వాలమ్మ కేసు మూత తీశాను. దుమ్ముకి పదకొండు తుమ్ములు.

అక్షరాలు పోత పోసే ఫౌండ్రీ వాళ్ళు పెట్టిన పేరు కేసు మీద రాసి ఉంది గానీ నాకు నోరు తిరగదు. మొదటిరోజు నుంచీ వాలమ్మ అనే పిలుస్తున్నా. నిలువు అక్షరాలు బల్ల ముందు కూర్చున్న గుమస్తాల్లాంటివి. చెప్పింది రాసుకుంటాయి. వాలమ్మ నడుస్తూ మాట్లాడే మనిషి. ఎదురుగాలిలో వెళ్తున్నట్టు కాస్త ముందుకు వంగి, ఒకదాని కొస ఇంకోదానికి అందిస్తూ పోతుంది. నిలువు చిన్న 'ఏ' అక్షరానికి పైన మేడ ఉంటుంది. వాలమ్మ 'ఏ'కి మేడ లేదు, గుండ్రంగా ఒకటే గది. ఇంక ఎఫ్ సంగతి చెప్పనక్కర్లేదు. నిలువు ఎఫ్ బుద్ధిగా గీత మీద నిలబడుతుంది. వాలమ్మ ఎఫ్‌కి తల పక్కింట్లో, కాలు కింది వాటాలో.

ఆ ఎఫ్‌తోనే భయం. సీసం దిమ్మ సన్నం, అక్షరం పెద్దది. తలా తోకా దిమ్మ దాటి గాల్లో వేలాడతాయి. పక్కన ఇంకో అక్షరం పెడితే దాని భుజం మీద తల ఆనుతుంది. అలా ఆనితే మనవళ్ళ కాలం దాకా ఉంటుంది. ఆనేలోపు దేనికైనా తగిలిందా, టిక్కుమంటుంది. రెండు ఎఫ్‌లు పక్కపక్కన వస్తే తలలు గుద్దుకుంటాయని ఫౌండ్రీ వాళ్ళు ఆ రెంటినీ కలిపి ఒకే దిమ్మగా పోసి ఇచ్చారు. మొగుడూపెళ్ళాలను ఒకే మంచానికి కట్టేసినట్టు.

ఆ జంటలు కావలసినన్ని ఉన్నాయి. ఒంటి ఎఫ్‌లు ఏడు. ఇప్పుడు ఆ ఫౌండ్రీ లేదు. ఏడంటే ఏడే.

జూన్ 5

చెయ్యి బాగానే ఉంది.

మా ఆవిడ టీ సగం కప్పే పోస్తోంది. ముసలితనంలో పిసినారితనం మొదలైంది. అడిగితే "మళ్ళీ పోస్తాగా" అంటుంది. ఆ మళ్ళీ పోసేదీ సగమే.

జూన్ 6

పని మొదలుపెట్టాను. ఒక్కో విడతకు ఎనిమిది చీటీలు కూర్చి, చట్రంలో బిగించి, అచ్చు కొట్టాలి. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. ఎనిమిది విడతలు. నా వయసులో కూడా ఎక్కాలు గుర్తున్నాయి, కోడలికి చెప్పాలి.

ఎడమచేతిలో అక్షరాలు పేర్చే ఇనప స్టిక్కు, కుడిచేత్తో గడిలోంచి అక్షరం. చేతికి ఏ గడి ఎక్కడో తెలుసు, కళ్ళతో పనిలేదు. స్టిక్కులో అక్షరాలు తలకిందులుగా కూర్చుంటాయి. పన్నెండో ఏట నుంచీ అలాగే చదివీ చదివీ నాకు సూటిగా ఉన్నదానికంటే తిరగబడి ఉన్నది త్వరగా అర్థమవుతుంది. మనుషుల సంగతీ అంతే.

ఇంగ్లీషే సరిగ్గా రాదు, మొక్కల పేర్లు లాటిను. ఒక్క ముక్కా తెలియదు. తెలియకుండానే బతుకంతా కూర్చాను. అర్థం తెలిస్తే చెయ్యి ఆగిపోతుంది.

ఎనిమిదీ అయ్యాయి. ఒక ఎఫ్ తల పోయింది. సీసం ముసలిదైపోయింది, దానిదీ తప్పు కాదు. విరిగినదాన్ని చొక్కా జేబులో వేసుకున్నా. ఆరు.

జూన్ 9, సోమవారం

మొదటి విడత కొట్టి మేడమ్‌కి చూపించాను. ఈసారి నవ్వింది. ఆవిడ నవ్వుతుందని నాకు తెలియదు, ఒక పక్క పన్ను మీద పన్ను ఉంది.

"ఇంత గుర్తుందా మీకు! మొక్క పేరు వాలుగా, కనిపెట్టినవాళ్ళ పేరు నిలువుగా... నేను చెప్పకుండానే వేశారు" అంది.

"అది నా ఘనత కాదు మేడమ్. మా పాత ప్రూఫురీడరు నేర్పాడు. మొక్క కదులుతుంది కాబట్టి వాలాలి, కనిపెట్టినవాడు దాన్ని చూసి కదలకుండా నిలబడిపోయాడు కాబట్టి నిలబడాలి అనేవాడు."

"అసలు కారణం అది కాదండీ" అని మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. ప్రూఫురీడరు చెప్పిందే బాగుంది.

ఆ మహానుభావుడే ఇంకోటీ చెప్పేవాడు. కథల పుస్తకాల్లో ఒక మనిషి లోపల అనుకుని బయటికి అనని మాట ఉంటే, దాన్ని వాలమ్మలో వేయాలని. పడవల పేర్లు, పుస్తకాల పేర్లు, ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు, అన్నీ వాలమ్మకే. కానీ ఎక్కువగా వేసింది ఆ బయటికి అనని మాటలే. ఆ లెక్కన ఈ డైరీ మొత్తం వాలమ్మలోనే కూర్చాలి. దీనికి ఏడు ఎఫ్‌లు ఏం సరిపోతాయి.

ఏడు కాదు, ఆరు.

జూన్ 10

లారీ వెళ్ళింది. నేల అదిరింది. ఐదు.

జూన్ 11

ఉపాయం కనిపెట్టాను. స్టిక్కుని పొట్టకి ఆనించుకుని, కుడి మోచేతిని కేసు అంచున ఆనించి కూర్చితే పని బ్రహ్మాండంగా సాగుతుంది. ఇంతకాలం ఎందుకు తట్టలేదో.

కోడలు తలుపులోంచి చూసింది. "అదేంటి మామయ్యా, దాన్ని అలా కౌగిలించుకున్నారు?"

"ఇంకెవరూ ఒప్పుకోవడం లేదుగా."

"అత్తయ్యకి చెప్తా."

"చెప్పు. కనీసం టీ అయినా నిండుగా పోస్తుంది."

నవ్వుతూ వెళ్ళిపోయింది. నవ్వించి పంపేస్తే మనుషులు మళ్ళీ చూడరు. ఇదొక సులువు.

జూన్ 13

రెండో విడత కొట్టాను. పదహారు అయ్యాయి. దాన్ని విప్పి అక్షరాలు మళ్ళీ గళ్ళల్లో వేసుకుంటుంటే ఇంకో ఎఫ్ పోయింది. నాలుగు.

సాయంత్రం మూడో విడత కూరుస్తున్నా. మూడు చీటీలు నిండిన స్టిక్కు చేతిలోంచి జారిపోయింది. సీసమంతా నేల మీద చిమ్మింది. చప్పుడుకి కోడలు పరిగెత్తుకొచ్చింది. నేను అప్పటికే నేల మీద కూర్చుని ఏరుతున్నా.

"ఏమైంది?"

"పిల్లి."

"మనకి పిల్లి లేదు కదా!"

"అందుకే పారిపోయింది."

ఏమనుకుందో, పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. నా చేతులు ఒళ్ళో దాచుకుని, "అది అక్కడ, ఇది ఇక్కడ" అని పెత్తనం చేశాను. నడుం నొప్పన్నాను. నడుం నొప్పి లేదు.

అదృష్టం, ఎఫ్‌లు నాలుగూ బాగానే ఉన్నాయి.

జూన్ 15, ఆదివారం

హాస్టల్ నుంచి మనవరాలు వచ్చింది. "తాతా, నువ్వు అక్షరాలు పెడుతుంటే వీడియో తీస్తా, నా స్నేహితులు చచ్చిపోతారు" అంది. "వాళ్ళ అమ్మానాన్నలతో చెప్పి తియ్యి" అన్నాను. చాలాసేపు తీసింది. కబుర్లు బాగా చెప్పాను.

వీడియో బాగా రాలేదు.

జూన్ 16

వీడియో బాగానే వచ్చింది.

నిన్న నిజం రాయలేదు. మనవరాలు నా పక్కన కూర్చుని ఫోన్ నా చేతిలో పెట్టి చూపించింది. మొదట నా మొహం. అందంగానే ఉన్నాను. తర్వాత చెయ్యి దగ్గరగా. చెయ్యి గడిలోకి వెళ్ళింది, అక్షరం పట్టుకుంది, పైకి లేచింది. గాల్లో ఆకులా ఆడుతోంది. దగ్గరగా తీసింది కదా, ఫోన్ నిండా అదే చెయ్యి. వెనక నా గొంతు ఏదో జోకు వేస్తోంది. జోకు కూడా మంచిదే. చెయ్యి మాత్రం ఆడుతూనే ఉంది.

"ఫోన్ కదిలిందే" అన్నాను.

"స్టాండు మీద పెట్టి తీశాను తాతా" అంది.

ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. నా భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది. చదువుకున్న పిల్ల, ఎప్పుడు ఊరుకోవాలో తెలుసు. మధ్యాహ్నం బస్సెక్కే ముందు మాత్రం "అమ్మకి నువ్వే చెప్పు తాతా, నేను చెప్తే బాగోదు" అంది.

నేల కదల్లేదు. ఫోన్ కదల్లేదు. సీసం ముసలిది కాదు.

జూన్ 17

ఇంకోటి. మూడు.

మూడో విడతలో ఎఫ్‌లు ఐదు కావాలి. కుదరదు. రేపు మేడమ్‌కి ఫోన్ చేసి అక్షరాలు అరిగిపోయాయి, ఇంక పనికిరావని చెప్పేస్తా. అరిగిందంటే ఎవరి తప్పూ కాదు. కోడలు నున్నటి కాగితం మీద మిగతావి కొట్టిస్తుంది. బీరువాలో అవి వేరుగా కనబడతాయి. కనబడనీ.

ఆ తర్వాత ఈ గదిలో నాకేం పని?

అదే తేదీ, సాయంత్రం

మా ఆవిడ టీ తెచ్చింది. సగం కప్పు. పక్కనే అగ్గిపెట్టె పెట్టింది.

"నాకు సిగరెట్ అలవాటు లేదే" అన్నాను.

"తెరవండి."

తెరిచాను. లోపల దూది మీద నాలుగు తల తెగిన ఎఫ్‌లు.

"చొక్కాలు ఉతుకుతుంటే దొరికాయి, నాలుగోది ఇవాళ మీరు విడిచిన చొక్కా జేబులో. మొదటిది దొరికినప్పుడు మీ పన్నేమో అనుకున్నా. తర్వాత గుర్తొచ్చింది, మీకు పళ్ళు ఎప్పుడో అయిపోయాయని."

నాకు నవ్వు రాలేదు. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆవిడ జోకుకి నేను నవ్వకపోవడం ఇదే మొదటిసారి.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"కప్పు సగం పోస్తున్నప్పట్నుంచి" అంది.

నేను పిసినారితనం అని రాశాను. పైన ఉంది, కొట్టెయ్యను. ఉండనీ.

"నిండా పోస్తే మీరు ఒలకబోసుకుని, టీ బాలేదని కప్పు వదిలేసి వెళ్ళిపోతున్నారు. నిరుడు వానల్లో మూడుసార్లు అలాగే చేశారు. కోడలికి చెప్పండి."

"చెబితే కేసు మూసేస్తుంది. గది అడుగుతుంది."

"అడిగిందా ఎప్పుడైనా?"

"టేపు పెట్టి కొలిచింది."

"కొలవడం వేరు, అడగడం వేరు. చెప్పకుండా మీరు ఆ సీసాన్నంతా విరగ్గొట్టేస్తే అప్పుడు నిజంగానే మూసేయాలి. తాగండి, చల్లారుతుంది."

తాగాను. ఒలకలేదు.

జూన్ 18

చెప్పాను.

షాపు తెరవగానే వెళ్ళి "అమ్మాయ్, పిల్లి సంగతి" అని మొదలుపెట్టాను. ఏదైనా జోకుతో కానిచ్చేద్దామనుకున్నా. ఒక్కటీ రాలేదు. చెయ్యి ముందుకు చాపి చూపించాను. అంతే.

కోడలు ఆ చేతిని చాలాసేపు చూసింది. తర్వాత కోపం వచ్చింది. ఆవిడకి కోపం వస్తే ముక్కు కొస ఎర్రబడుతుంది.

"పిల్లి మీద పెట్టారా! రోజూ మీ పక్క గదిలోనే ఉన్నానే నేను. నడుం నొప్పని చెబితే మీ అబ్బాయిచేత పట్టీ కూడా తెప్పించాను. ఎందుకు చెప్పలేదు?"

"గది" అన్నాను.

"ఏ గది?"

"నా గది. నేను పనికిరానని తెలిస్తే ఫొటో మెషిను..."

ముక్కు ఇంకా ఎర్రబడింది. లోపలికి వెళ్ళింది. ఏడ్చిందేమో, నీళ్ళ చప్పుడు వినబడింది. బయటికి వచ్చేటప్పటికి చేతులు తడిగా ఉన్నాయి, ఉంగరం తీసేసి ఉంది, జుట్టు ముడేసుకుని ఉంది.

"ఏ గడి ఎక్కడో చెప్పండి" అంది.

"నీ చేతులకి మసి అంటుతుందే."

"అంటనీ. చెప్పండి."

వాలమ్మ కేసు ముందు నిలబెట్టాను. ఎక్కువ వాడే అక్షరాలు మధ్యలో పెద్ద గళ్ళల్లో, తక్కువవి అంచుల్లో. కంప్యూటర్ మీద పది వేళ్ళతో గుర్రంలా పరిగెత్తే మనిషి, మొదటి పేరు కూర్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

"ఇవన్నీ తలకిందులుగా ఉన్నాయేంటి?"

"నువ్వే తలకిందులుగా ఉన్నావు. అవి సరిగ్గానే ఉన్నాయి."

"మామయ్యా, ఇలా మాట్లాడితే వెళ్ళిపోతా."

వెళ్ళలేదు. మూడు చీటీలు అయ్యాయి.

జూన్ 19

కోడలు ఒక కాగితం తెచ్చింది. మిగిలిన నలభై ఎనిమిది పేర్లూ కంప్యూటర్లో ఎక్కించి, ఏ పేరులో ఒంటి ఎఫ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్క తీసింది. మొత్తం పదహారు.

"మీరు బీరువా వరుసలో కూరుస్తున్నారు. అందుకే ఒక విడతలో ఐదు కావాలి, ఇంకో విడతలో ఒక్కటీ అక్కర్లేదు. వరుస మార్చేద్దాం. ఏ విడతలోనూ మూడు దాటకుండా నేను కలిపేశాను. మూడు ఎఫ్‌లతో అన్నీ అయిపోతాయి."

కాగితం ఇటు తిప్పి, అటు తిప్పి చూశాను. తప్పు దొరకలేదు. అరవై ఏళ్ళు ఈ పని చేసి, ఉన్న అక్షరాలకు తగ్గట్టు పని వరుస మార్చవచ్చని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. అక్షరాలు తక్కువైతే ఫౌండ్రీకి ఉత్తరం రాసేవాళ్ళం, అంతే.

"కొట్టి చీటీలు చేతికొచ్చాక మళ్ళీ బీరువా వరుసలో పేర్చుకుంటే సరి" అంది.

"అది నాకూ తెలుసులే" అన్నాను. అప్పుడే తెలిసింది.

జూన్ 20

డాక్టరు దగ్గరికి కోడలే తీసుకెళ్ళింది. కుర్ర డాక్టరు. కాగితం ఇచ్చి చుట్టలు చుట్టలుగా గీయమన్నాడు, దోమలచుట్టలా. గీశాను. భూకంపంలో చిక్కుకున్న దోమలచుట్టలా వచ్చింది. చేతులు చాపమన్నాడు, ముక్కు ముట్టుకోమన్నాడు, నడవమన్నాడు. "డ్యాన్సు కూడా వచ్చు బాబూ" అన్నాను.

"ఎప్పట్నుంచి వణుకుతోంది?"

రెండు నెలలు అనబోయాను. పక్కన కోడలు కూర్చుని ఉంది. "నిరుడు వానల నుంచి. ఇంట్లో చెప్పలేదు" అన్నాను.

భయపడాల్సిన రకం కాదట. వయసుతో కొందరికి వస్తుందట. మాత్ర ఇచ్చాడు. తగ్గుతుంది గానీ పూర్తిగా పోదన్నాడు. పోకపోతే పోయింది. ఇన్నాళ్ళూ ఏ రకమో అడగడానికే భయపడ్డాను. ఆ భయం ఇవాళ బస్టాపు దగ్గర వదిలేసి వచ్చాను, ఎవరికైనా దొరికితే వాళ్ళ ఖర్మ.

జూన్ 24

నాలుగు విడతలు పూర్తి. గోడ మీద ముప్ఫై రెండు గీతలు.

నేను స్టూలు మీద కూర్చుంటాను, ఆవిడ నిలబడుతుంది. నేను గడి చెబుతాను, ఆవిడ తీస్తుంది. ట్రెడిల్ మాత్రం నేనే తొక్కుతున్నా, కాళ్ళకేం కాలేదు. ఇవాళ ముందు గదిలో ఎవరో జిరాక్సుకి వచ్చి "మేడమ్, ఎవరున్నారు?" అని పదిసార్లు పిలిచారు. "ఆగండి, ఎఫ్ పెడుతున్నా" అని అరిచింది. వాళ్ళు ఏమనుకున్నారో.

జూన్ 25

కోడలి చేతిలో ఒక ఎఫ్ విరిగింది. టిక్.

ఆవిడ అలాగే నిలబడిపోయింది. అరచేతిలో ఎఫ్, పక్కన దాని తల. నా మొహం చూడటానికి భయపడుతోంది.

"లారీ వెళ్ళింది" అన్నాను.

"ఏ లారీ?"

"పెద్దది. నువ్వు వినలేదా? నేల అదిరిపోయింది."

ఏ లారీ వెళ్ళలేదు. ఆవిడకీ తెలుసు. ముక్కు చీదుకుని, "అయితే రెండే ఉన్నాయి" అంది. మళ్ళీ కాగితం తీసి లెక్కేసింది. విడతకు రెండు దాటకూడదంటే ముప్ఫై రెండు చీటీలకు ఇంకో విడత కావాలట. "అయితే ఐదు విడతలు. ఇంకోసారి తొక్కుతారా?" అంది.

"పరుగు పందెం పెట్టినా వస్తా."

తర్వాత ఎఫ్ ఎలా పెట్టాలో చూపించాను. చేత్తో కాదు, నోటితో. పక్కన వచ్చే అక్షరాన్ని ముందే సిద్ధంగా పట్టుకో, ఎఫ్ దిగగానే ఆలస్యం చేయకుండా దాన్ని ఆనించు, అన్నాను. ఇన్నాళ్ళూ నా వేళ్ళు అలాగే చేసేవని నాకే తెలియదు. చెప్పబోతే తెలిసింది.

జూన్ 29, ఆదివారం

షాపు సెలవు. అయినా ఇద్దరం వెళ్ళాం. ఆఖరి విడత కొట్టాం. అరవై నాలుగు గీతలు. ఎఫ్‌లు రెండు మిగిలాయి.

మా ఆవిడ టిఫిన్ అక్కడికే తెచ్చింది. మసి చేతులతో కోడలు తింటుంటే ఆవిడ నోటికి మా ఆవిడ నీళ్ళ గ్లాసు అందించింది. నాకెవరూ అందించలేదు. నా చేతులు శుభ్రంగా ఉన్నాయిగా.

జూన్ 30

కాలేజీకి మా ఆవిడతో సహా ముగ్గురం వెళ్ళాం. మేడమ్ బీరువా తెరిచింది. చల్లటి గది, కర్పూరం లాంటి వాసన. అట్టల మీద ఎండిన ఆకులు, పువ్వులు. కొన్ని పువ్వులకి ఇంకా రంగు ఉంది. అడుగున చీటీలు.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వేలితో తడిమింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది.

"కాగితం తెల్లదనం చూసి చెప్పాలి తప్ప, తేడా లేదు" అంది.

"కాగితానికి నేను వయసు తెప్పిస్తా, టీ పోసి" అన్నాను. వద్దంది. ఈసారి పైకి నవ్వలేదు గానీ, పన్ను మీద పన్ను కొంచెం కనబడింది.

"ఇవి ఎవరు కూర్చారు? మీరేనా?"

కోడలు నా వైపు చూసింది. నేనేం చెబుతానోనని కాదు, నేను చెప్పుకోవాలని. ఆ చూపు నాకు తెలుసు, మా ఆవిడ దగ్గర నేర్చుకుంది.

"పదహారు నేను. నలభై ఎనిమిది ఈ అమ్మాయి. నా చెయ్యి వణుకుతోంది మేడమ్" అన్నాను. డాక్టరు కాక పరాయి మనిషితో అదే మొదటిసారి అనడం. అన్నాక ఆ గదిలో ఏమీ మారలేదు. ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి.

"ఇంకో బీరువా ఉంది. అందులో అసలు అచ్చు చీటీలే లేవు, అన్నీ చేతిరాతే. వానలు అయ్యాక చేసి పెడతారా?" అంది మేడమ్. అడిగింది కోడలిని. కోడలు "చేస్తాం" అంది. చేస్తాను అనలేదు.

జూలై 3

కోడలు మళ్ళీ టేపు తెచ్చి వెనక గది కొలిచింది. నేను స్టూలు మీద నుంచి కదలకుండా చూశాను. గది కాదు, కేసుకీ లైటుకీ మధ్య దూరం. ఎలక్ట్రీషియన్ వచ్చి లైటు కిందికి దించి వెళ్ళాడు. ఫొటో మెషిను ముందు గదిలోనే పెడుతుందట, జిరాక్సుని గోడ వైపు జరిపి. "అక్కడ పట్టదు కదా" అన్నాను. "పట్టేలా చేస్తా, వరుస మార్చడం నాకొచ్చుగా" అంది.

జూలై 7, సోమవారం

పొద్దున నేను మాత్ర వేసుకుని, పేపరు చదివి, ఆలస్యంగా షాపుకి వెళ్ళాను. కోడలు నన్ను పిలవకుండా, నేను గడి చెప్పకుండా, కొత్త బీరువాకి ఒక చీటీ నమూనా తనంతట తనే కూర్చి, బిగించి, ట్రెడిల్ కూడా తనే తొక్కి, నా స్టూలు మీద పెట్టి ఏమీ తెలియనట్టు కంప్యూటర్ ముందు కూర్చుంది.

తలుపు వేసుకుని భూతద్దం తీశాను. మొక్క పేరు వాలుగా, మనిషి పేరు నిలువుగా. అంచులు సమానం. ఎఫ్ తల పక్కదాని భుజం మీద చక్కగా ఆని ఉంది. వెనక్కి తిప్పి వెలుతురులో చూశాను, అక్షరం దిగబడ్డ లోతు అన్నిచోట్లా ఒకటే. మళ్ళీ మొదటి నుంచి చూశాను. మధ్యాహ్నం దాకా చూశాను. ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి దొరికితే బాగుండనిపించింది.

చివరికి బయటికి వచ్చి, "ఇంకు కాస్త ఎక్కువైంది" అన్నాను.

"అవునా మామయ్యా" అని చీటీ లాక్కుని చూసుకుంది.

ఎక్కువ కాలేదు.